రేకుల కింద విత్తనం

విత్తనాలు దాచే చిన్న షెడ్డుకు పైకప్పు ఏది వేయాలనే మాట దగ్గర మొదలైన గొడవ ఒక మనిషి ఉద్యోగం ఊడేదాకా పోతుందని ఎవరన్నా చెప్తే ఆ వయసులో నేను నవ్వేవాణ్ణి. ఇంజనీరింగు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని పని ఏది సార్?" అని అడుగుతుంటారు. ఏ వంతెన గురించో కాలవ గురించో చెప్తానని చూస్తారు. వంతెనలు కట్టించినాను. కాలవ గట్లూ వేయించినాను. ఊరికే కూర్చున్నప్పుడు అవేవీ గుర్తుకు రావు. ఆళ్లగడ్డలో ఒక ఇంటి వెనక దొడ్లో కట్టిన షెడ్డు గుర్తుకొస్తుంది. నాలుగు గోడలు, ఒక తలుపు. అంతే.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు అది. నాది నంద్యాల. ఓవర్సీరుగా ఆళ్లగడ్డ బ్లాకు ఆఫీసులో కొత్తగా చేరినాను. ఆ ఆఫీసు కింద ఒక విత్తనాల డిపో ఉండేది. బజారు వీధిలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకొని నడిపేవాళ్ళు. రైతులకు తొలకరిలో శెనక్కాయ విత్తనం ఇచ్చి, పంట వచ్చినాక తిరిగి కొలిపించుకునేది పద్ధతి. సొంత విత్తనం దాచుకోలేని చిన్న రైతులకు ఆ డిపోనే దిక్కు.

డిపో కీపరు ఒక సాయిబు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ భుజాన ఒక గళ్ళ తువ్వాలతో ఉండేవాడు. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. చేరిన మొదటి వారంలోనే ఆయన నన్ను ఇంటికి పిలిచి అన్నం పెట్టించినాడు. "నంద్యాలోనివి, జొన్నరొట్టె తింటావో లేదో అనుకొంటిమి" అని ఆయన భార్య తలుపు చాటు నుంచి అంటే, "నంద్యాలేమన్నా లండనా? తింటాడులే" అన్నాడు. అప్పటి నుంచి నేను ఆయనను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను ఓవర్సీరప్పా అనేవాడు.

ఇంటి లోపలి గది ఎలుకల పాలయిందని, వెనక దొడ్లో కొత్త షెడ్డు కట్టమని ఉత్తర్వు వచ్చింది. గోడలు సులభంగానే లేచినాయి. పైకప్పు దగ్గర పని ఆగింది.

మా వైపు కప్పులు నాలుగు రకాలు. బోద గడ్డి కప్పిన కొట్టం చల్లగా ఉంటుంది కానీ, నిప్పురవ్వ పడితే బూడిదే. పెంకులు వేస్తే కోతులు ఒక్క వేసవి కూడా ఉండనీయవు. మూడోది మా అందరి ఇండ్లకూ ఉండే చవుడు మిద్దె. గోడల మీద దూలాలు, దూలాల మీద బేతంచెర్ల బండలు, వాటిపైన జానెడు మందాన చవుడు మట్టి. మే నెల మధ్యాహ్నం కూడా లోపల చల్లగా, వాన పడితే గట్టిగా ఉంటుంది. నాలుగోది రేకులు. రేకుల కింద మనిషే ఉండలేడు. విత్తనమంటే ప్రాణమున్న వస్తువు కదా. వేడికి లోపలే చచ్చిపోతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తుంది.

నేను చవుడు మిద్దెకే గీసి, మా ఆఫీసరు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయనది బనగానపల్లె పక్కన పల్లె. ఈ ఎండలు తెలియని మనిషి కాదు. గీసిన కాగితం చూడకుండానే పక్కన పెట్టినాడు.

"మిద్దె సంగతి నాకు చెప్తాండావా అప్పా? నేను పుట్టిందే మిద్దె కింద" అన్నాడు.

"మరి రేకులెందుకు సార్?"

"రేకులు వచ్చినాయి కాబట్టి."

నిజంగానే వచ్చినాయి. కర్నూలులో రాజధాని ఉన్నప్పుడు ఆఫీసుల కోసం వేసిన తాత్కాలికపు షెడ్లను విప్పి, ఆ రేకులను బ్లాకులకు పంచుతున్నారు. మాకూ ఒక లారీ వచ్చింది. దింపుకొని చూస్తే ఒక్కో రేకుకు పాత మేకుల బెజ్జాలు, అంచులన్నీ తుప్పు. డిపో కీపరు ఒక రేకు ఎత్తి ఎండకు పట్టి, బెజ్జాల్లోంచి నన్ను చూసి నవ్వినాడు.

"రాజధాని మన ఇంటిదాకా రాకపాయె. దాని జల్లెడ వచ్చింది చూడప్పా."

రేకులు వాడకపోతే పైవాళ్ళు ఎందుకు వాడలేదని అడుగుతారు. వాడితే ఎవరూ ఏమీ అడగరు. ఆఫీసరు లెక్క ఇదే. కనీసం రేకుల కింద వెదురు తడకలన్నా కట్టిద్దామంటే, "మల్ల చూద్దాం" అన్నాడు. ఆ "మల్ల చూద్దాం" అనే మాట మా ఆఫీసులో గోడకు కొట్టిన మేకు లాంటిది. ఏ పనైనా దానికి తగిలించి పోవచ్చు.

రేకులు వేసినాము. బెజ్జాలకు గుడ్డపేలికలు కుక్కి తారు పూసినాము. సంక్రాంతి దాటినాక విత్తనం గోతాలు లోపలికి చేరినాయి. శివరాత్రి పోయి ఎండ ముదిరేసరికి, షెడ్డులోకి అడుగుపెడితే ముఖాన ఆవిరి కొట్టేది. డిపో కీపరు ఒకరోజు గోతంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, తీసి నా చేతిని పట్టుకొని లోపల పెట్టించినాడు. కాగిన నీళ్ళలో పెట్టినట్టుంది.

"ఏం చేద్దామప్పా?" అన్నాడు.

రేకుల మీద బోద కప్పుదామని అనుకున్నాము. ఆఫీసరును అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆయన మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాము. కొండ వైపు పల్లెల నుంచి బండ్ల మీద బోద తెప్పించినాడు కీపరు. ఆయన, ఆయన భార్య, నేను, ఇద్దరు కూలివాళ్ళు కలిసి మందంగా పరిచి, గాలికి లేవకుండా గడ్డి పురులు కట్టి రాళ్ళు వేలాడదీసినాము. మరుసటి రోజు మధ్యాహ్నం షెడ్డులోకి పోయి ఆయన గోతం మీద కూర్చున్నాడు. బయటికి రమ్మంటే రాలేదు. "ఉండనీప్పా, ఈడ హాయిగా ఉంది" అన్నాడు. నా ఉద్యోగంలో నేను చూసిన మంచి పనుల్లో అదొకటి. నెల కూడా నిలవలేదు.

హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన పర్యటనకు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆఫీసంతా సున్నం, రంగు కాగితాలు. ముందురోజు మా ఆఫీసరు డిపో చూడటానికి వచ్చి, దొడ్లోకి పోయి తలెత్తినాడు.

"ఏందిది?"

"బోద సార్. ఎండకు" అన్నాడు కీపరు.

"కనపడతాంది. సర్కారు రేకులిస్తే వాటి మీద గడ్డి కప్పినారా? కొత్త పెండ్లికొడుక్కు చినిగిన పంచె కట్టినట్ల? తీసేయండి."

నేను అడ్డం పోయినాను. "సార్, ఇంకా రోహిణి ఎండలు ముందున్నాయి. గడ్డి తీస్తే విత్తనం పోతుంది."

"ఆయన పోయినాక కప్పుకోండి."

"ఒకసారి తీసినాక మల్ల బోద దొరకదు సార్. కొండలో ఉన్నదంతా కోసేసినారు."

ఆయన నా వైపు చూడలేదు. కీపరు వైపు చూసి, "పొద్దు గూకేలోపల తీయాల" అని చెప్పి జీపెక్కినాడు.

తీసినాము. తీసిన గడ్డిని దొడ్లో పెట్టుకోవడానికి కూడా లేకపోయింది, చూడటానికి బాగుండదని. వీధిలో వేస్తే, చీకటి పడేలోపల ఎవరి కొట్టాలకు వాళ్ళు మోసుకుపోయినారు. వాళ్ళనేం అంటాము? మరుసటి రోజు ఆ పెద్దాయన వచ్చినాడు. డిపో అరుగు మీద కుర్చీలో కూర్చొని, మజ్జిగ తాగి, మెడలో దండ తీసి పక్కన పెట్టి, కారెక్కి పోయినాడు. దొడ్లోకి తొంగి కూడా చూడలేదు.

ఆ తర్వాత కీపరు పల్లెపల్లె తిరిగినాడు. బోద దొరకలేదు. గోతాలు తడిపి రేకుల మీద పరిచేవాడు. అవి చూస్తుండగానే ఆరిపోయేవి. రోహిణిలో తారు కరిగి గోడల మీద నల్లగా చారలు కట్టింది. ఆ వెంటనే ఒక సాయంత్రం గాలీవానా వచ్చింది. తారు పోయిన బెజ్జాల్లోంచి నీళ్ళు గోతాల మీద కారినాయి. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి, భార్యాభర్తలిద్దరూ తడిసిన గోతాలను డిపో ఇంట్లోకి ఈడుస్తున్నారు. ఆయన భార్య చేతులు గోనె తాళ్ళకు కోసుకుపోయి రక్తం కారుతోంది. నేనూ ఒక గోతం అందుకున్నాను.

గోతాలన్నీ ఆరబోసినారు. కీపరు పిడికెడు గింజలు తీసి తడి గోనెలో చుట్టి పెట్టినాడు. కొన్నాళ్ళకు విప్పి చూస్తే సగానికి సగం మొలవలేదు. ఆ గోనెను అట్లే పట్టుకొని ఆఫీసరు దగ్గరికి పోయినాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఈ విత్తనం ఇయ్యకూడదు సార్. నంద్యాల నుంచో యాడి నుంచో వేరేది తెప్పించండి."

ఆఫీసరు ఆ గోనెను చాలాసేపు చూసినాడు. ఆయనకు తెలియదని కాదు. తెలిసినట్టు ఒప్పుకుంటే, షెడ్డు నుంచి అన్నీ ఒప్పుకోవాలి.

"సగం మొలుస్తాయి కదా?" అన్నాడు చివరికి. "ఒత్తుగా వేసుకోమని చెప్పు."

తొలకరి పడింది. రైతులు బండ్లు కట్టుకొని డిపో ముందు నిలబడినారు. కీపరు ప్రతి ఒక్కరికీ గోతం కట్టి ఇస్తూ, గొంతు తగ్గించి, "ఒత్తుగా వేసుకో అప్పా, ఈసారి విత్తనం అంత బాగలేదు" అని చెప్పినాడు. ఆయన చేయగలిగింది అది. కొందరు విన్నారు. కొందరు, ఎన్నేండ్ల నుంచో చూసిన డిపో విత్తనం కదా అని నవ్వి పోయినారు.

ఆ తర్వాత ఒకనాటి పొద్దున ఒక రైతు వచ్చినాడు. ఊరి పక్కనే కొంచెం చేను, ఒక జత ఎద్దులు, నలుగురు పిల్లలు ఉన్న మనిషి. తువ్వాల మూట విప్పి అరుగు మీద పోసినాడు. మట్టిలోంచి తవ్వి తెచ్చిన గింజలు. నల్లగా, మెత్తగా, బూజు పట్టి ఉన్నాయి. నేను, కీపరు చూస్తూ నిలబడినాము.

"మల్ల విత్తనం ఇప్పిస్తాంలే" అన్నాను నేను.

ఆయన కోపంగా కూడా అనలేదు. "విత్తనం ఇస్తారు. నేలకు పదును ఎవరిస్తారు? వాన రెండోసారి రాదప్పా" అన్నాడు.

రాలేదు కూడా. ఆ ఏడు ఎన్నో చేలు మొలకల్లేకుండా బోడిగా ఉండిపోయినాయి. ఈ రైతు ఎద్దులను అమ్ముకొని, కోవెలకుంట్ల వైపు కూలికి పోయినాడు. ఊళ్ళో గొడవ లేచింది. ఇంతమంది నోళ్ళు మూయడం కుదరదని పైవాళ్ళు విచారణ వేసినారు. నంద్యాల ట్రావెలర్స్ బంగళాలో జరిగింది.

ఆరోజు నాకు బాగా గుర్తు. వరండాలో బెంచీ మీద కీపరు, ఆ రైతు, ఇంకొందరు కూర్చొని ఉన్నారు. నేను పోయి కీపరు పక్కన కూర్చుంటే ఆయన కొంచెం జరిగినాడు. చోటిచ్చినాడనుకున్నాను.

లోపల విచారణాధికారి ముందు నేను జరిగింది జరిగినట్టు చెప్పినాను. మిద్దె వద్దన్నది, రేకులు వేయించింది, బోద తీయించింది, ఒత్తుగా వేసుకోమన్నది, అన్నీ. మా ఆఫీసరు అక్కడే కుర్చీలో కూర్చొని కిటికీ బయటికి చూస్తున్నాడు. విచారణాధికారి కీపరును పిలిచినాడు.

"బోద ఎవరు తీయమన్నారు?"

కీపరు తువ్వాలను భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవరూ తీయమనలేదు సార్. గడ్డిలో ఎలుకలు చేరినాయని నేనే తీయించినా."

"ఓవర్సీరు వేరే చెప్తున్నాడే?"

"ఆయప్పకు ఏం తెలుసో నాకు తెలీదు సార్."

"అన్నా!" అన్నాను నేను. ఆయన తలెత్తలేదు. నన్ను నోరు మూసుకోమన్నారు.

తర్వాత ఆ రైతును పిలిచినారు. పాపం, ఆయన కీపరును కాపాడాలనే వచ్చినాడు. చేతులు జోడించి, "ఈ సాయిబు మంచోడు సార్. విత్తనం బాగలేదు, ఒత్తుగా వేసుకోమని మాకు ముందే చెప్పినాడు" అన్నాడు.

విచారణాధికారి కలం ఆపి తలెత్తినాడు. "అంటే, విత్తనం చెడిపోయిందని తెలిసే ఇచ్చినాడన్నమాట."

ఆ మాటతో అయిపోయింది. దాచి ఉంటే బతికిపోయేవాడు. ఒక్క మంచిమాట చెప్పినందుకు దొరికిపోయినాడు. రైతుకు తను ఏం చేసినాడో బయటికొచ్చినాక గానీ అర్థం కాలేదు. వరండా స్తంభానికి తల ఆనించుకొని ఏడ్చినాడు.

కీపరును తీసేసినారు. పై అధికారి మీద లేనిపోని నిందలు వేసే మనిషినని నా మీద ముద్ర వేసి, నన్ను కాలవ పనుల్లోకి, పాములూ మలేరియా ఉన్న చోటికి తోసినారు. ఆ ముద్ర చాలా ఏండ్లు నాకంటే ముందే కొత్త ఆఫీసుకు చేరేది. మా ఆఫీసరుకు తర్వాతి ఏడు ప్రమోషను వచ్చింది. ఆయన స్థానంలో వచ్చినాయన షెడ్డు మీది రేకులు పీకించి, బేతంచెర్ల బండలు పరిపించి, పైన చవుడు పోయించినాడని విన్నాను. నా కొలతల ప్రకారమే అంట. విని నాకు సంతోషం కలగలేదు.

కోపమంతా నాకు ఆఫీసరు మీద కంటే కీపరు మీదనే ఎక్కువగా ఉండేది. ఆఫీసరు అట్లా చేస్తాడని నాకు తెలుసు. ఈయన చేస్తాడనుకోలేదు. నేను ఆయన కోసమే కదా నిలబడింది, నా అన్నంలో మన్ను ఎందుకు పోసినాడు అని రాత్రీ పగలూ కుమిలినాను. ఎదురుపడితే అడగాలని మాటలు కూర్చుకునేవాణ్ణి.

ఎదురుపడినాడు. అది 1960. సెలవులో నంద్యాలకు వచ్చి, పత్తి మిల్లుల వైపు నడుస్తున్నాను. ఒక మిల్లు గేటు దగ్గర, బండ్లను లోపలికి వదులుతూ నిలబడి ఉన్నాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి ముందు ముఖం తిప్పుకోబోయి, మనసు మార్చుకొని, "బాగుండావా ఓవర్సీరప్పా?" అన్నాడు.

పక్కన టీ అంగట్లో కూర్చున్నాము. నేను కూర్చుకున్న మాటలన్నీ యాడికో పోయినాయి. ఒక్కటే అడిగినాను.

"ఎందుకట్లా చెప్తివన్నా?"

ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"విచారణకు ముందునాటి సాయంత్రం మన ఆఫీసరు సారు మా ఇంటికొచ్చె. తప్పంతా నీ మీద వేసుకో, చిన్న మందలింపుతో పోగొడ్తా అనె. అది జరగదని నాకు తెలుసప్పా. నా ఉద్యోగం ఎట్లయినా పోయేదే. నేను వేరే అడిగితి. మా పిల్లోనికి అటెండరు పని ఇప్పించమంటి."

"ఇప్పించినాడా?"

"ఇప్పించె. ఆయన ఆఫీసులోనే. మాట నిలబెట్టుకున్నాడు."

అప్పుడు ఆయన, ఏ ద్వేషమూ లేకుండా, ఎండ గురించి చెప్పినట్టు చెప్పినాడు.

"నువ్వు నిజం చెప్తివి. నాకు తెలుసు. నీకు నంద్యాలలో సొంత మిద్దె ఉండె, మీ నాయన ఉండె, చదువుండె. యాడికి తోసినా నీ జీతం నీకొస్తాండె. నాకు ఆ ఒక్క పిల్లోడు. నీ నిజం వానికేం పెడ్తుండెనప్పా?"

ఆయన చెప్పింది తప్పని వాదించే మాటలు చాలా ఉన్నాయి. అన్నీ జీతం వచ్చేవాడి మాటలే.

"పిల్లోడు బాగుండాడా?" అన్నాను.

"ఉండాడు. సారు ఇంట్లో కూడా పని చేస్తాడు. కూరగాయలు తేవడం, పిల్లల్ని బడికి దింపడం. అప్పుడప్పుడు సారు చెయ్యి చేసుకుంటాడంట. చెప్పడు మావోడు, వాని ఒంటి మీద దెబ్బలు వాళ్ళమ్మ చూసింది." గ్లాసు కింద పెట్టి, "మంచోడేలే ఆ సారు" అన్నాడు. ఎవరికి చెప్తున్నాడో నాకు అర్థం కాలేదు.

లేచినాము. టీకి నన్ను ఇయ్యనీయలేదు. మిల్లు గేటు దాకా నడిచినాక ఆయన ఆగి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"వచ్చే జుమ్మా నాడు మావోని నిఖా ఉందప్పా. ఆళ్లగడ్డలోనే. నిన్ను పిలవకుండా చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు. మా ఇంటామె కూడా అడిగింది, ఓవర్సీరప్పకు చెప్పినావా అని." నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ సారు వస్తానన్నాడు. నువ్వు రావద్దప్పా."

సరేనన్నాను. ఏమనుకోవద్దన్నాడు. ఏమీ అనుకోనన్నాను. లోపలి నుంచి ఎవరో గట్టిగా కేకేస్తే, నా చెయ్యి వదిలి, బండ్లకు గేటు తీయడానికి పరుగెత్తినాడు.